పోస్టర్ ముందు పావుగంట

సదస్సులో విద్యార్థులు తమ పరిశోధనని పోస్టర్ల మీద వేసి చూపించే హాలు మూసేయడానికి ఇంకో నలభై నిమిషాలుందనగా చివరి వరసలోకి వెళ్లాను. అప్పటికే జనం పల్చబడ్డారు. తలుపు పక్కన పోస్టర్ దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. పోస్టర్ చుట్టి తెచ్చుకున్న గొట్టం చంకలోనే ఉంది, టైమ్ అవగానే ఊడదీసుకుని వెళ్లిపోదామన్నట్టు. మెడలో బ్యాడ్జి వెనక్కి తిరిగిపోయి పేరు కనబడటం లేదు.

"మీ పని గురించి చెబుతారా?" అన్నాను.

"రెండు నిమిషాల్లో చెప్పనా, మొత్తం చెప్పనా మేడమ్?" అంది. ఆ మాటతోనే అర్థమైంది, పొద్దుట్నుంచీ ఆ రెండు నిమిషాలు కూడా ఎవరూ పూర్తిగా వినలేదని.

"మొత్తం చెప్పండి" అన్నాను.

రోగనిరోధక కణాల మీద జరిగే ఈ సదస్సు నిర్వాహక కమిటీలో నేను మూడేళ్లుగా ఉన్నాను. కొత్త పరిశోధకుల బాధ్యత నాది. పీహెచ్‌డీ విద్యార్థులు, పీహెచ్‌డీ అయ్యాక ఇంకొకరి ల్యాబ్‌లో పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌లు, ఈమధ్యే సొంత ల్యాబ్ పెట్టుకున్నవాళ్లు. వాళ్ల ట్రావెల్ గ్రాంట్లు, పోస్టర్లు, చిన్న ప్రసంగాలు, పెద్దవాళ్లతో ముఖాముఖి, అన్నీ చూస్తాను. కమిటీలో మిగతా విషయాల్లో నేను సర్దుకుపోతాను గానీ, ఒక్కదాని దగ్గర మాత్రం పట్టుబడతాను. వచ్చిన ప్రతి విద్యార్థి పనినీ ఆ నాలుగు రోజుల్లో కనీసం ఒక్కరైనా మొదట్నుంచి చివరిదాకా నిలబడి వినాలి. అందుకే రోజూ ఆఖరి గంటలో ఆఖరి వరసలు తిరుగుతాను.

ఈ పట్టుదల నాకెక్కడిదంటే, నేను వెళ్లిన మొదటి సదస్సులో నా పోస్టర్ కూడా ఆఖరి వరసలోనే ఉంది. ఆఖరి రోజు, సామాన్లు సర్దుకునే వేళ. రెండేళ్ల పని. శరీరంలో చెత్తని మింగే మాక్రోఫేజ్ కణాలు చచ్చిన కణాల్ని మింగాక వాటి తీరు ఎలా మారుతుందన్నది నా ప్రశ్న. నాలుగు వారాలు కూర్చుని బొమ్మలు గీశాను, వాక్యాలు దిద్దాను. ఆ రోజు నా దగ్గర ఆగినవాళ్లు ఇద్దరు. ఒకరు పక్క పోస్టర్ నంబరు ఎక్కడని అడిగారు. రెండో ఆయన ఆగి, చదివి, "ఈ మూడో బొమ్మలో మింగకుండా బయట అతుక్కున్నవాటిని ఎలా వేరు చేశారు?" అని అడిగారు. నేను వేరు చేయలేదు. అలా చేయాలని నాకు తట్టనేలేదు. ఆ ఒక్క ప్రశ్న నా థీసిస్‌లో ఒక అధ్యాయాన్ని నిలబెట్టింది. ఆయన ఆగకపోయి ఉంటే ఆ తప్పుతోనే పేపర్ రాసేదాన్ని.

ఇక ఈ అమ్మాయి పోస్టర్. రోగుల రక్తం తీసి, తెల్లరక్తకణాలకి రకరకాల రంగుల యాంటీబాడీలు అంటించి, ఫ్లో సైటోమీటర్‌లో ఒక్కో కణాన్నీ లేజర్ ముందు నుంచి పంపించింది. ఏ కణం మీద ఏ రంగు మెరిసిందో చూసి అదేమిటో తేల్చుకుంటాం. కణం మీద సీడీ3 అనే ప్రోటీన్ మెరిస్తే టీ కణం. సీడీ14 మెరిస్తే మోనోసైట్. తెల్లరక్తకణాల్లో ఈ రెండూ వేర్వేరు వంశాలు, ఒకే కణం మీద సీడీ3, సీడీ14 రెండూ ఉండకూడదు. కానీ ఆమె ప్లాట్‌లో, అంటే ఒక్కో కణాన్నీ ఒక్కో చుక్కగా చూపే గ్రాఫ్‌లో, కుడివైపు పైమూల, రెండూ మెరిసే చుక్కల గుంపు ఒకటి చిన్న మబ్బులా ఉంది. ఆ మబ్బు చుట్టూ ఆమె సన్నటి ఎర్రగీత గీసింది. పక్కన చిన్న అక్షరాల్లో "ఇవి ఏమిటి?" అని రాసి, ప్రశ్నార్థకం పెట్టింది.

"పొద్దున ఒకరు వచ్చారు. ఈ ప్లాట్ చూసి, డబ్లెట్లు, గేటింగ్ సరిగ్గా చేసుకో అని చెప్పి వెళ్లిపోయారు" అంది.

గేటింగ్ అంటే ప్లాట్‌లో కావాల్సిన చుక్కల్ని గీత గీసి ఏరుకోవడం. డబ్లెట్ అంటే రెండు కణాలు అతుక్కుని లేజర్ ముందు నుంచి ఒకటిగా పోవడం. ఫ్లో చేసే ప్రతివాళ్లకీ మొదటి రోజే నేర్పే పాఠం అది. ఆమెకీ తెలుసు. సిగ్నల్ వైశాల్యాన్నీ ఎత్తునీ పోల్చి డబ్లెట్లని తీసేసిన గేట్ పోస్టర్ మీదే, ఎడమవైపు కింద ఉంది. తీసేశాక కూడా ఆ మబ్బు మిగిలింది. వచ్చినాయన అది చూడలేదు. చూసే ఓపిక లేకుండా ఒక్క మాటనేసి వెళ్లిపోయాడు, ఈమె ఆ మాటని పొద్దుట్నుంచీ మోస్తోంది. "వచ్చే పోస్టర్‌లో ఈ ప్లాట్ తీసేస్తాను మేడమ్" అంది నాతో. నాకు మనసు చివుక్కుమంది.

ఫ్లో సైటోమెట్రీలో నాకు అంత లోతు లేదు. ఎవరికి ఉందో మాత్రం తెలుసు. ఆవిడ అప్పుడే భుజానికి బ్యాగు తగిలించుకుని హాల్లోంచి బయటకి నడుస్తున్నారు. వెనకాలే వెళ్లి, "ఒక్క పావుగంట ఇవ్వండి, ఒక ప్లాట్ చూడాలి" అన్నాను. ఆవిడ గడియారం చూసుకోలేదు. బ్యాగు కింద పెట్టి పోస్టర్ దగ్గర మోకాళ్ల మీద వంగి, కింది ప్లాట్ నుంచి మొదలుపెట్టారు. పైనుంచి కాదు, కింద గేటింగ్ నుంచి. తర్వాత ఒక్కొక్కటే అడిగారు. ఇది తాజా రక్తమా, ఫ్రీజర్లోంచి తీసి కరిగించిందా? రక్తం తీశాక ఎంతసేపటికి రంగు వేశారు? ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ మబ్బు ఎంత ఉంది? ఒకే మనిషి రక్తం రెండోసారి తీస్తే మళ్లీ కనబడిందా?

మొదటి ప్రశ్నకి ఆ అమ్మాయి నీళ్లు నమిలింది. రెండోదానికి జవాబు చెప్పింది. మూడోదానికి వచ్చేసరికి చంకలో గొట్టం కింద పెట్టేసి, వేలితో చూపిస్తూ మాట్లాడుతోంది.

అప్పుడు ఆవిడ చెప్పారు. 2019లో ఒక బృందం సరిగ్గా ఈ సీడీ3, సీడీ14 రెండూ ఉన్న చుక్కల్నే పట్టుకుని వదలకుండా చూసిందట. అవి రెండూ ఒకే కణం మీద లేవు. టీ కణం, మోనోసైట్ గట్టిగా కౌగిలించుకుని ఉన్న జంటలు. మామూలుగా డబ్లెట్లని ఏరేసే గేట్లకి దొరకనంత గట్టిగా. ట్యూబులో యాదృచ్ఛికంగా అతుక్కున్నవి కావు, శరీరంలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉండగా దొరికినవని, క్షయ, డెంగీ లాంటి జబ్బుల్లో వాటి సంఖ్యకి అర్థముందని వాళ్లు చూపించారు. "మీది కూడా అదేనని నేననను. డబ్లెట్లే కావచ్చు. కానీ ఏ రకం డబ్లెట్లో చూడకుండా చెత్తబుట్టలో వేయకండి. మా దగ్గర ఒక్కో కణాన్ని ఫొటో తీసే సైటోమీటర్ ఉంది. శాంపిల్స్ తీసుకుని రండి" అన్నారు.

మొదటాయన చెప్పిందీ డబ్లెట్లనే, ఈవిడ చెప్పిందీ దాదాపు అదే. తేడా అంతా ఆ పావుగంటలో ఉంది.

దూరంగా నిలబడి చూసేవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. మా రంగం చరిత్ర తెలిసినవాళ్లకి అలా అనిపించదు. 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ ఎలుక ప్లీహంలో కొమ్మలు కొమ్మలుగా ఉన్న కొత్త కణాన్ని చూశామని రాశారు. స్టైన్‌మన్ ఆ ల్యాబ్‌లో అడుగుపెట్టి అప్పటికి మూడేళ్లే. అవి ఉన్నవే చాలా తక్కువ. మాక్రోఫేజ్‌లనే వేరే రూపంలో చూసి పొరబడ్డారని చాలామంది ఏళ్ల తరబడి నమ్మలేదు. ఇవాళ ఆ డెండ్రిటిక్ కణాలు లేకుండా టీ కణాల పాఠమే మొదలుకాదు. ఆయనకి నోబెల్ 2011లో వచ్చింది, ప్రకటన వెలువడటానికి మూడు రోజుల ముందే ఆయన కన్నుమూశారు. పోస్టర్ మీద ఉన్న ప్రతి వింత మబ్బూ డెండ్రిటిక్ కణం కాదు. కాకపోయినా, అది అవునో కాదో తేలేదాకా చూసే హక్కు దాన్ని మొదట చూసిన విద్యార్థికి ఉంది.

నాకు ఇంకా ఇష్టమైన కథ యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలది. బ్రూస్ గ్లిక్ అని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి. కోడి తోక దగ్గర బర్సా అని చిన్న సంచిలాంటి అవయవం ఉంటుంది, అది దేనికో అప్పటికి ఎవరికీ తెలియదు. గ్లిక్ కోడిపిల్లలకి దాన్ని తీసేసి ఏమవుతుందో చూస్తున్నాడు. తిమోతి చాంగ్ అని ఇంకో విద్యార్థికి క్లాసులో యాంటీబాడీలు ఎలా తయారవుతాయో చూపించడానికి కోళ్లు కావాల్సి వచ్చాయి. గ్లిక్ దగ్గర మిగిలినవి తీసుకున్నాడు. సాల్మొనెల్లా ఎక్కించి చూస్తే, బర్సా లేని కోళ్లలో చాలావాటికి యాంటీబాడీలే రాలేదు. క్లాసు ప్రదర్శన పాడైపోయింది. వాళ్లు దాన్ని పారేయకుండా, ఎందుకు రాలేదని కూర్చున్నారు. పెద్ద పత్రిక ఒకటి ఆ పేపర్‌ని తిప్పి పంపింది. 1956లో కోళ్ల పెంపకం శాస్త్రానికి సంబంధించిన పత్రికలో అచ్చయింది. ఇమ్యునాలజీవాళ్లు ఆ పత్రిక చదవరు కదా, కొన్నేళ్లు ఎవరి కంటా పెద్దగా పడలేదు. 1965 నాటికి మాక్స్ కూపర్ బృందం అదే కోళ్ల దారిలో వెళ్లి, లింఫోసైట్లలో రెండు వంశాలున్నాయని తేల్చింది, ఇవాళ టీ కణాలు, బీ కణాలు అంటున్నవి. బీ కణం పేరులో "బీ" ఆ బర్సాదే. ఇద్దరు విద్యార్థులు, చెడిపోయిన ఒక క్లాసు.

మా కమిటీలో ఎవరైనా "విద్యార్థుల పోస్టర్లకి అంత టైమ్ ఎందుకు" అన్నప్పుడు నేను ఈ కథ చెబుతాను. ఇప్పటికి మూడుసార్లు చెప్పాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అది లేకుండా మిగతావేవీ లేవు. మొదటి ఏడాది మేం ట్రావెల్ గ్రాంట్లు ఇచ్చాం, సంతోషపడ్డాం. ఎంపికైన ఒక కుర్రాడు "వ్యక్తిగత కారణాల వల్ల రాలేకపోతున్నాను" అని రాశాడు. అతని అబ్‌స్ట్రాక్ట్ నాకు బాగా నచ్చింది, ఊరుకోలేక ఫోన్ చేశాను. చాలాసేపు తటపటాయించి చెప్పాడు. మా గ్రాంటు సదస్సు అయ్యాక, రసీదులు పంపాక, ఆరు వారాలకి చేతికొస్తుంది. టికెట్‌కీ బసకీ ముందు తన డబ్బు పెట్టాలి. అంత డబ్బు అతని దగ్గర లేదు, అడగడానికి ముఖం చెల్లలేదు. మేం గ్రాంటు పేరుతో ఇచ్చింది నిజానికి అప్పు పుట్టించుకోగలిగిన వాళ్లకే పనికొస్తుందని అప్పటిదాకా మాలో ఒక్కరికీ తోచలేదు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరుసటి ఏడాది నుంచి టికెట్లు, గదులు మేమే నేరుగా కొంటున్నాం. చేతి ఖర్చులకి కొంత రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే మొదటి రోజు ఇస్తున్నాం. లెక్కలు చూసేవాళ్లు మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నారు.

వీసా ఉత్తరాలదీ ఇలాంటి గొడవే. ప్రోగ్రాం మొత్తం ఖరారయ్యాక పంపుదాం అంటే కొన్ని దేశాలవాళ్లకి అప్పటికే అపాయింట్‌మెంట్లు దొరకవు. ఎంపిక చెప్పిన రోజే ఉత్తరం కూడా వెళ్లిపోవాలి. పసిపిల్లలతో వచ్చే తల్లులకి ఒక గది, పిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలి. ఇవన్నీ ఏర్పాట్లు, ఒకసారి మనసుపెట్టి చేస్తే అయిపోతాయి.

మనసు ఎక్కువ పెట్టాల్సింది వేరే చోట. గోర్డన్ రీసెర్చ్ కాన్ఫరెన్సుల్లో ఒక మంచి పద్ధతి ఉంది. అసలు సమావేశానికి ముందు విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లు తమకి తామే నడుపుకునే సెమినార్ పెడతారు, అధ్యక్షత కూడా వాళ్లదే. దాన్ని చూసి మేం కూడా ఒక రోజు ముందు అలాంటిది మొదలుపెట్టాం. గైడ్లకి ఆ గదిలోకి ప్రవేశం లేదు. తలుపు దగ్గర ఆ మాట రాసి పెట్టాం. నేను కూడా అయిదు నిమిషాలు మాట్లాడి బయటకి వచ్చేయాలి, కానీ ఈసారి సెషన్ నడిపే పిల్లలు నన్ను వెనక కుర్చీలో ఉండనిచ్చారు.

మధ్యాహ్నం ఒక పోస్ట్‌డాక్ లేచి మాట్లాడాడు. ఒక ప్రోటీన్ మాక్రోఫేజ్‌లని రెచ్చగొడుతుందని రెండేళ్లు పనిచేశాడు. ప్రోటీన్ వేస్తే చాలు, కణాలు మంటపుట్టించే సంకేతాలు కుమ్మరించేవి. మోతాదు పెంచితే ఇంకా ఎక్కువ. అందమైన గ్రాఫులు. అనుమానం వచ్చి ఒకరోజు ఆ ప్రోటీన్‌ని మరగబెట్టి వేశాడు. మరిగితే ప్రోటీన్ ఆకారం చెడి పనిచేయకూడదు. గ్రాఫ్ మాత్రం మారలేదు. ప్రోటీన్ తయారుచేసింది ఈ. కోలై బ్యాక్టీరియాలో. ఆ బ్యాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్, అంటే ఎల్‌పీఎస్, శుద్ధి చేశాక కూడా ప్రోటీన్‌తో పాటే వచ్చేసింది. వేడికి అది లొంగదు. మాక్రోఫేజ్‌లు దాన్ని టీఎల్ఆర్4 అనే గ్రాహకంతో పసిగడతాయి. 1998 నుంచి ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా ఈ ఉచ్చులో పడనివాళ్లు మా రంగంలో తక్కువ. టీఎల్ఆర్4 లేని ఎలుకల కణాల మీద వేస్తే సంకేతం పూర్తిగా చచ్చిపోయింది. రెండేళ్ల పని ఎల్‌పీఎస్ పని అని తేలింది.

చివరి స్లైడ్ మీద రెండు గీతలే ఉన్నాయి. మామూలు ఎలుక గీత పైకి లేస్తోంది. రెండోది కింద అక్షానికి అతుక్కుని పోతోంది. ఆ గీతని చూపిస్తూ అతని గొంతు పట్టేసింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తి, "నాకూ ఇదే అయింది, నాది ఏడాది" అంది. వెనకాల ఇంకొకరు. మొత్తం తొమ్మిది చేతులు లేచాయి. ఆ తర్వాత గంటసేపు వాళ్లు మాట్లాడుకున్నది అందరూ కూర్చుని వినే ఏ ప్లీనరీ ప్రసంగంలోనూ దొరకదు. ఎండోటాక్సిన్‌ని పట్టేసే పాలీమిక్సిన్ వేసి చూడటం ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ మోసం చేస్తుంది, ఎండోటాక్సిన్‌ని కనిపెట్టే లిములస్ పరీక్ష ఏ బఫర్లలో తప్పు చూపిస్తుంది, ఎండోటాక్సిన్ తగలకూడదంటే ప్రోటీన్‌ని క్షీరదాల కణాల్లో ఎలా తయారుచేసుకోవాలి, గైడ్‌కి ఈ వార్త ఎలా చెప్పాలి. ఆఖరిదాని మీదే ఎక్కువసేపు నడిచింది. బయటికొచ్చాక అతని భుజం మీద ఎవరో చెయ్యి వేసి నడుస్తుంటే చూశాను. నా కళ్లు చెమర్చాయి.

ప్రశ్నల గురించి ఒక మాట. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో పది దేశాల్లో దాదాపు 250 సెమినార్లకి వెళ్లి ఎవరు ప్రశ్నలు అడుగుతున్నారో లెక్కపెట్టారు. హాజరైనవాళ్ల నిష్పత్తి లెక్కలోకి తీసుకున్నాక కూడా మగవాళ్లు ప్రశ్న అడిగే అవకాశం ఆడవాళ్లకంటే రెండున్నర రెట్లు ఎక్కువ. మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగితే ఆ తర్వాత ఆడవాళ్లు అడిగేవి ఇంకా తగ్గాయి. కొత్తవాళ్ల విషయంలోనూ అంతేనని మైకు పట్టుకుని తిరిగే వాలంటీర్‌గా పనిచేసిన రోజుల్లోనే నాకు అనుభవం. మొదటి చెయ్యి ఎప్పుడూ ముందు వరసలోంచే లేస్తుంది. అది ప్రశ్న కూడా కాదు చాలాసార్లు, ఒక ప్రసంగం.

అందుకని సెషన్ చైర్లందరికీ ఒక కాగితం ఇస్తాం. ప్రసంగం అయ్యాక ఒక నిమిషం ఆగండి, పక్కవాళ్లతో మాట్లాడుకోనివ్వండి, మొదటి ప్రశ్న విద్యార్థికో పోస్ట్‌డాక్‌కో ఇవ్వండి. ఆ ఒక్క నిమిషంలో పక్కమనిషికి చెప్పుకున్న ప్రశ్న, అప్పటికే ఒకసారి నోటిదాటి వచ్చిన ప్రశ్న కాబట్టి, మైకులో రెండోసారి అడగడం తేలికవుతుంది. చాలామంది పాటించారు. ఒక చైర్ మాత్రం "టైమ్ లేదు" అని ముందు వరసకే మైకు ఇచ్చేశారు. విరామంలో వెళ్లి అడిగాను. మాటామాటా పెరిగింది. మధ్యాహ్నం సెషన్‌లో ఆయనే మొదటి ప్రశ్న కోసం వెనక వరసలకేసి చూశారు, అందుకు నేను కృతజ్ఞతలు చెప్పాను.

ఇంకా చేయాల్సింది చాలా ఉంది. వచ్చేసారి ఆఖరి రోజు పోస్టర్లు పెట్టకూడదని అనుకుంటున్నాను. పెట్టాల్సి వస్తే అవి మొదటి వరసలో ఉండాలి. పెద్దవాళ్లు ఒక్కొక్కరికీ బ్యాడ్జి వెనకాల అయిదు పోస్టర్ నంబర్లు రాసి ఇవ్వాలనీ ఉంది, ఫలానావి మీరు చూసి తీరాలని. వాటిలో మూడు వాళ్ల సొంత కణానికి సంబంధం లేనివై ఉండాలి. టీ కణాలవాళ్లు న్యూట్రోఫిల్ అనే ఇంకో రకం తెల్లరక్తకణం పోస్టర్ ముందు నిలబడితే కొత్త ప్రశ్నలు పుడతాయి. నంబర్లు పంచే పని నేనే పెట్టుకుంటాను.

ఆ అమ్మాయి మొన్న మెయిల్ పంపింది. ఆ రోజు ప్లాట్ చూసిన ఆవిడ ల్యాబ్‌కి వెళ్లి నాలుగు రోజులు ఉందట. మెయిల్‌కి బొమ్మలు జతచేసింది. నల్లటి తెరమీద రెండు కణాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆకుపచ్చది ఒకటి, నారింజరంగుది ఒకటి. రెండూ కలిసిన చోట సన్నగా, గీత గీసినట్టు వెలుగు. ఒక రోగి రక్తంలో జంటలు చాలా కనిపించాయట, రెండో రోగిలో దాదాపు లేవు. ఎందుకో ఇంకా తెలియదని రాసింది. మూడో శాంపిల్ వచ్చే వారం వస్తుందట, ఈసారి రక్తం తీసిన గంటలోపే రంగు వేస్తానంది.